మా ట్రైలర్‌కు ఎంత జనరేటర్ కావాలి? నా అనుభవం

పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు మా ట్రావెల్ ట్రైలర్. దాని పైకప్పు మీదున్న ఏసీ 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత). జనరేటర్ల గురించి ఎంత చదివినా, ఎవరిని అడిగినా లెక్కంతా చివరికి ఆ ఏసీ దగ్గరికే వచ్చి ఆగేది. లైట్లు, నీళ్ల పంపు బ్యాటరీ మీద నడుస్తాయి. పొయ్యి, ఫ్రిజ్, హీటర్‌కు ప్రొపేన్ సిలిండర్ ఉంది. ఏసీ వద్దనుకుంటే బ్యాటరీ నింపడానికి వెయ్యి వాట్ల బుల్లి జనరేటర్ చాలు. కానీ మేముండేది డాలస్ దగ్గర. మే నెల దాటాక మధ్యాహ్నం పూట పిల్లలతో ఆ రేకు డబ్బాలో ఏసీ లేకుండా కూర్చోవడం మా వల్ల కాదు.

హుక్‌అప్ (ట్రైలర్‌కు తగిలించే కరెంటు కనెక్షన్) ఉన్న చోట్లకే వెళ్లేవాళ్లకు ఈ గొడవే లేదు. 30 యాంపుల ప్లగ్గు పెడితే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు వచ్చేస్తాయి. మాకేమో టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్ పిచ్చి. అక్కడ రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్లో కరెంటు ఉండదు. పక్కనే హుక్‌అప్ ఉన్న ఆర్వీ పార్క్ (ట్రైలర్లు నిలుపుకునే చోటు) ఒకటి ఉంది గానీ చాలా చిన్నది, పైగా పార్కింగ్ లాట్‌లా ఉంటుంది. నది పక్కన చెట్ల కింద ఉండాలంటే మన కరెంటు మనమే తెచ్చుకోవాలి.

ట్రైలర్ అమ్మినతను 4,500 వాట్లది తీసుకోమన్నాడు. "పెద్దది ఉంటే టెన్షన్ ఉండదు" అన్నాడు. వెళ్లి చూస్తే అది వంద పౌండ్ల పైమాటే. మా ఆవిడ దాని పిడి పట్టుకుని ఓసారి లేపబోయి వదిలేసింది. "ఏమండీ, మీ నడుం సంగతి తెలిసీ దీన్ని కొంటారా? పికప్‌లోకి ఎవరు ఎక్కిస్తారు, ఎవరు దించుతారు?" అంది. నేను రాసుకున్న వాట్ల పట్టిక మొత్తం కంటే ఆ ప్రశ్నకే ఎక్కువ బరువుంది. ట్రైలర్ వెనక బంపర్ మీద బిగించేద్దామా అనుకున్నాను గానీ, ఆ పల్చటి రేకు బంపర్లు అంత బరువు మోయడానికి చేసినవి కావు.

హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గా దొరికే ఓపెన్ ఫ్రేమ్ రకాన్ని మొదట్లోనే పక్కన పెట్టేశాను. 60 హెర్ట్జ్ ఇవ్వడానికి దాని ఇంజను లోడు ఉన్నా లేకున్నా నిమిషానికి 3,600 తిప్పులు తిరుగుతూనే ఉండాలి. ఊళ్లో పెళ్లి పందిరి వెనకాల పెట్టే జనరేటర్ గుర్తుందా, అదే మోత. నేషనల్ పార్కుల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని రూలు. రూలు సంగతి అలా ఉంచితే, పక్క టెంటు వాళ్ల మొహం మనం చూడాలి కదా. ఇన్వర్టర్ రకమైతే లోడును బట్టి ఇంజను వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. అయితే చప్పుడు విషయంలో ఒకటి గమనించాలి. హోండా ఈయూ2200ఐకి గొప్పగా చెప్పే 48 డెసిబెల్స్ పావు వంతు లోడు దగ్గర. పూర్తి లోడు దగ్గర అది 57. మనం ఏసీ నడిపేది పూర్తి లోడుకు దగ్గర్లోనే.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె కూడా అలాంటిదే. అది స్టార్టింగ్ వాట్లు, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. గంటల తరబడి ఇచ్చేది రన్నింగ్ వాట్లు. 2,200 అని రాసున్న ఆ హోండా నికరంగా ఇచ్చేది 1,800.

మరి ఏసీకి ఎంత కావాలి? లోపల సీలింగు మూత విప్పి టార్చ్ వేసి చూస్తే యూనిట్ మీద లేబుల్ కనిపించింది. కంప్రెసర్ మామూలుగా తిరిగేటప్పుడు 12 యాంపుల చిల్లర. ఆగి ఉన్న మోటారు కదలబోయే క్షణంలో 60 పైచిలుకు. దాన్నే ఎల్ఆర్ఏ అంటారు. ఆ ఒక్క క్షణం కోసమే జనాలు వంద పౌండ్ల జనరేటర్లు కొంటున్నారు! దాటాక 1,500 వాట్లతో నడిచిపోయే ఏసీ అది.

ఆ క్షణాన్ని చిన్నది చేసేదే సాఫ్ట్ స్టార్టర్. మోటారుకు వోల్టేజీ అంతా ఒక్కసారే కొట్టకుండా మెల్లగా పెంచుతూ ఇస్తుంది. ఖరీదు మూడు వందల డాలర్ల ప్రాంతంలో ఉంది. మా వీధిలోనే ఉండే కరీంనగర్ అన్న ఏసీ పని తెలిసిన మనిషి, ఒక ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు వచ్చాడు. ఇద్దరం నిచ్చెనేసుకుని పైకెక్కాం. ప్లాస్టిక్ కవరు తీయగానే నేను చెయ్యి పెట్టబోయాను. "ఆగు తమ్మీ! బ్రేకర్ బంద్ చేసినమని చెయ్యి పెట్టకు. కెపాసిటర్ల కరెంట్ ఇంకా ఉంటది" అన్నాడు. ఒక రెసిస్టర్ తీసి దాని కాళ్లను కెపాసిటర్ కొసలకు కాసేపు ఆనించి పట్టుకుని, మీటరు పెట్టి సున్నా చూశాకే పని మొదలెట్టాడు. కలపాల్సింది నాలుగు వైర్లే. ఏది ఎక్కడినుంచి తీశామో ఫోన్లో ఫొటో తీసుకోవడం, వైర్లు ఫ్యానుకు తగలకుండా కట్టడం, వాన నీళ్లు పోకుండా డబ్బా బిగించడం, వీటికే టైం పట్టింది. మేము పెట్టిన రకం మొదటి కొన్ని స్టార్టుల్లో మోటారు తీరును నేర్చుకుంటుంది కాబట్టి వాటిని ఇంటి కరెంటు మీదే కానిచ్చాం. తర్వాత క్లాంప్ మీటరు పెట్టి చూస్తే 60 దాటాల్సినది 20 దాటి ఆగిపోయింది.

దాంతో లెక్క మారిపోయింది. 47 పౌండ్ల ఆ 2,200 వాట్ల హోండా జనరేటర్ ఒక్కటే కొన్నాం. వెయ్యి డాలర్లు దాటిన ధర చూస్తే మనసు చివుక్కుమంది గానీ, ఒక్క చేత్తో పట్టుకుని నడవొచ్చు.

దాన్ని సరాసరి క్యాంపింగ్‌కు తీసుకెళ్లకుండా మా డ్రైవ్‌వేలోనే ఆగస్టు ఎండలో పరీక్ష పెట్టాను. తగిలించగానే ట్రైలర్‌కున్న సర్జ్ ప్రొటెక్టర్ కరెంటు లోపలికి పోనివ్వలేదు. ఓపెన్ గ్రౌండ్, అంటే ఎర్త్ కలవలేదని చూపించింది. పాడైందేమో అని కంగారు పడక్కర్లేదు. ఇలాంటి చిన్న జనరేటర్లలో న్యూట్రల్, గ్రౌండ్ కలిపి ఉండవు. ఆ రెండింటినీ కలిపే బాండింగ్ ప్లగ్ అని ఒకటి దొరుకుతుంది, దాన్ని ఖాళీ సాకెట్లో పెడితే సరిపోయింది.

లోడు తక్కువైతే ఇంజను వేగం తగ్గించే ఎకో మోడ్ ఆపేసి ఏసీ వేశాను. ఇంజను ఒకసారి మూలిగి నిలదొక్కుకుంది. మీటరు మీద 13 యాంపులు, అంటే సుమారు 1,560 వాట్లు. మిగిలింది 240. ఇక్కడే దొంగలు బయటపడ్డారు. ఫ్రిజ్ ఆటోలో ఉంటే కరెంటు కనబడగానే గ్యాస్ వదిలేసి దీని మీదకు ఎక్కుతుంది. కాబట్టి గ్యాస్ మీదే పెట్టాలి. వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ స్విచ్ వేసి ఉందంటే అది 1,440 వాట్లు అడుగుతుంది. అసలైన దొంగ బ్యాటరీ నింపే కన్వర్టర్. బ్యాటరీ బాగా దిగి ఉంటే అదొక్కటే ఐదారు వందల వాట్లు లాగి ఓవర్‌లోడ్ లైటు వెలిగించేస్తుంది. అందుకే పొద్దున ఏసీ లేకుండా బ్యాటరీ నింపుకోవడం, మధ్యాహ్నం కన్వర్టర్ బ్రేకర్ దించేసి ఏసీ వేసుకోవడం మా పద్ధతి అయింది.

"అదంతా సరే, మిక్సీ తిరుగుతుందా?" అని కిటికీలోంచి ప్రశ్న. తిరుగుతుంది, ఏసీ ఆపితే. మైక్రోవేవ్ కూడా అంతే. కాకపోతే ఏసీ ఆపాక మళ్లీ వెంటనే వేయకూడదు. లోపల గ్యాస్ ఒత్తిడి సర్దుకోవడానికి నాలుగైదు నిమిషాలు ఆగాలి. కొబ్బరి చట్నీకి ఆ మాత్రం చెమట పట్టనివ్వొచ్చు.

ఏ జనరేటర్ కొన్నా తీరని విషయం ఒకటుంది. పార్కుల్లో రాత్రిపూట దాన్ని నడపనివ్వరు, కొన్ని చోట్ల పగలు కూడా వద్దంటారు. రియో గ్రాండే విలేజ్‌లోనే జనరేటర్ నిషేధమున్న భాగం వేరుగా ఉంది, సైట్ బుక్ చేసేటప్పుడు చూసుకోవాలి. జనరేటర్ ట్యాంకులో పెట్రోలు గ్యాలన్ కంటే కొంచెం తక్కువే పడుతుంది, ఏసీతో మూడు గంటల పైన కొంచెం నడుస్తుంది. కాబట్టి బిగ్ బెండ్‌కు మేము చలికాలంలోనే వెళ్తాం. అప్పుడు పగలు ఎండ ఎక్కువైతే తప్ప ఏసీ అవసరం రాదు.

ఎత్తు కూడా చూసుకోవాలి. ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు మూడున్నర శాతం శక్తి పడిపోతుంది. న్యూ మెక్సికోలో 8,600 అడుగుల పైనున్న క్లౌడ్‌క్రాఫ్ట్‌లో మా 1,800 వాట్లు 1,260కి దిగుతాయి. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి బతికిపోయాం.

పొగ గొట్టం మన ట్రైలర్ వైపుగానీ పక్కవాళ్ల వైపుగానీ ఉండకూడదు, కనీసం 20 అడుగుల దూరం పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లోపలి అలారానికి కూడా గడువు తేదీ ఉంటుంది, వెనక్కి తిప్పి చూడండి.

రెండోది కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. కొంటే అదే హోండాలో కంపానియన్ మోడల్ తీసుకుంటాం. 30 యాంపుల సాకెట్ దానికి ఉంటుంది. రెండింటినీ ప్యారలల్ కేబుల్‌తో కలిపితే 3,600 వాట్లు వస్తాయి, ఏసీతోపాటే మిక్సీ వేసుకోవచ్చు. ఎవరిది వాళ్లు మోసుకుంటే సరి అంటోంది మా ఆవిడ.