ఉప్పాడ రోడ్డు మీద కెరటాల లెక్క

కాకినాడ రేవు దగ్గర సముద్రం చూసి ఉసూరుమన్నాను. కెరటమే లేదు. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం మరి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో గత 200 ఏళ్లలో పెరిగిన దిబ్బ అది, దాదాపు 16 కిలోమీటర్లు. బయటి సముద్రపు ఊపంతా దాని మీదే విరిగిపోతుంది. కరీంనగర్ నుంచి వచ్చింది ఇంకో మానేరు డ్యామ్ చూడ్డానికా అని విసుక్కుంటూ ఉప్పాడకి ఆటో మాట్లాడాను. బేరమాడితే డ్రైవర్ తగ్గలేదు. "రోడ్డు చూశాక మీరే ఎక్కువిస్తారండీ" అన్నాడు.

వాకలపూడి లైట్‌హౌస్ దాటాక కాసేపటికి అతని మాట అర్థమైంది. సగం తారు సముద్రం పాలు. కెరటం రాళ్లకు కొట్టుకుని, ఆటో ఎత్తున లేచి, రోడ్డు మీద పడుతోంది. అతను బండి ఆపేశాడు.

"పెద్దవి పోనివ్వండి. నాలుగైదు వరసగా వస్తాయి, తర్వాత చల్లబడతాయండి."

నమ్మలేదు గానీ వాచీ చూస్తూ కూర్చున్నా. కెరటానికీ కెరటానికీ పది సెకన్లు. అతనన్నట్టే పెద్దవి ఒక గుంపుగా వచ్చాయి, ఆ తర్వాతవి రాళ్లు కూడా ఎక్కలేదు. టెన్త్‌లో మా ఫిజిక్స్ సార్ రెండు శృతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు) తెచ్చి, ఒకదానికి మైనం అంటించి, రెండూ కలిపి మోగించి, శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండటం వినిపించాడు. విస్పందనాలు అన్నాడు, పరీక్షకి బట్టీ పట్టాం. ఇదీ అదే. పొడవులో కాస్త తేడా ఉన్న కెరటాలు కలిసి వస్తాయి. ఒకదాని శృంగం, అంటే ఎత్తు భాగం, ఇంకోదాని శృంగం మీద పడితే పెద్దవి, ద్రోణిలో, అంటే పల్లంలో పడితే చిన్నవి. ఆటో అతనికి ఆ పేరు తెలీదు, ఇంజన్ ఎప్పుడు స్టార్ట్ చేయాలో తెలుసు.

ఆగిన చోట కొంచెం లోపలగా వల బెండు ఒకటి తేలుతోంది. కెరటం వచ్చినప్పుడు పైకి లేచి కాస్త ముందుకి, అది దాటాక దిగి కాస్త వెనక్కి. ఎన్ని కెరటాలు పోయినా బెండు దాదాపు అక్కడే. శబ్దం అనుదైర్ఘ్య తరంగం, అంటే కదలిక అల పోయే దారిలోనే ముందుకీ వెనక్కీ; తాడు మీద అల తిర్యక్ తరంగం, అంటే కదలిక దారికి అడ్డంగా పైకీ కిందికీ అని విడివిడిగా చదివాం. సముద్రం రెండూ కలిపేసింది, నీరు గుండ్రంగా తిరుగుతోంది. ఒడ్డుకొచ్చేది శక్తి.

కెరటం ఎంత వేగంగా వస్తుందంటే, పది సెకన్లకొకటి వచ్చేది లోతు సముద్రంలో సుమారు 156 మీటర్ల పొడవుండి గంటకు 56 కిలోమీటర్లు పోతుంది. రెండు మీటర్ల లోతుకొచ్చేసరికి 16కి పడిపోతుంది. ముందుది నెమ్మదిస్తే వెనకది తరుముకొస్తుంది, పొడవు కుంచించుకుని ఎత్తు పెరుగుతుంది. ఎత్తు ఇంచుమించు లోతులో 80 శాతానికి చేరితే విరిగిపోతుంది. ఉప్పాడలో అలా విరిగేది ఇళ్ల ముంగిట్లోనే. హోప్ ఐలాండ్ పెరిగే కొద్దీ కెరటాలు వంగే తీరు మారి, వాటి బలమంతా ఇటు పోగవుతోందని తీరాన్ని చదివినవాళ్లు చెబుతారు. కాకినాడని కాసే దిబ్బే ఇక్కడివాళ్ల పాలిట శాపం. ఇసుక నింపిన భారీ సంచులతో గోడ కట్టారు, అవీ చిరిగాయి.

"ఇప్పుడు!" అని డ్రైవర్ ఒక్క ఊపులో దాటించేశాడు. చెప్పినట్టే యాభై ఎక్కువిచ్చాను.

ఉప్పాడలో జాందానీ చీర ధర విని కొనలేదు. పోటు పెరుగుతోందని తిరుగు ప్రయాణం పిఠాపురం మీదుగా పెట్టుకున్నా. అటు ఆటో రేటు ఇంకా ఎక్కువ.