కోరింగలో నీటిపిల్లి దారి

మొన్న సెలవులకి మా చెల్లి, దాని కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చారు. వాడికి ఎనిమిదేళ్ళు. అక్కడ నెహ్రూ జూలో అద్దాలు మూసిన బస్సెక్కించి సింహాల దగ్గరికి తీసుకెళ్తారు కదా, ఆ సఫారీ చూసొచ్చిన దగ్గర్నుంచి వాడి దృష్టిలో అడవంటే అదే. "పెద్దమ్మా, మీ ఊళ్ళో సఫారీ ఉందా?" అన్నాడు. ఉంది నాన్నా, కాకినాడ దారిలో కోరింగ అడవి, రేపే వెళ్దాం అన్నాను.

పొద్దున్నే ముమ్మిడివరం నుంచి కారులో బయల్దేరాం. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి, యానాం, తాళ్ళరేవు మీదుగా కాకినాడ వెళ్ళే 216 జాతీయ రహదారి. ఈ దారిలో ఎన్ని వందల సార్లు తిరిగానో. ఒక పక్క కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, ఇంకో పక్క దూరంగా ముదురు పచ్చ గీతలా మడ అడవి, సముద్రపు నీళ్ళు వచ్చిపోయే బురదలో పెరిగే అడవి. చిన్నప్పుడు చొల్లంగి అమావాస్యకి మా అమ్మ స్నానానికి తీసుకొచ్చేది, తడిబట్టలతోనే తిరుగు బస్సెక్కేవాళ్ళం, ఆ పచ్చ గీత లోపల ఏముందో చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు.

మూడేళ్ళ కిందట ఇదే రోడ్డు మీద తెల్లవారుజామున ఒక జంతువు చచ్చిపడి ఉంది. ఏదో బండి గుద్దేసి వెళ్ళిపోయింది. చుట్టూ జనం. "చిరుత పిల్లరా" అంటున్నారు. బూడిద రంగు ఒళ్ళు, దాని మీద వరసల్లో నల్ల మచ్చలు, పొట్టి తోక, మన ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటుంది. నేనూ చిరుతే అనుకున్నాను. అది నీటిపిల్లి అని, కొందరు బావురుపిల్లి అంటారని, వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువని, చంపితే కేసవుతుందని తర్వాత తెలిసింది. నా ఇంటికి గంట దూరంలో బతికే జంతువుని మొదటిసారి అలా చూశానన్న బాధ ఇప్పటికీ పోలేదు. పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి అసలు కారణం అదే.

కోరింగని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ బండి లోపలికి వెళ్ళదు. చెట్ల మధ్య బురద మీద చెక్కలతో కట్టిన వంతెన లాంటి దారి ఉంటుంది, దాని మీద నడవాలి. మేం వెళ్ళేసరికి పాటు, నీళ్ళు తీసేసి బురదంతా బయటపడి ఉంది. వెళ్తే ఆ వేళకే వెళ్ళండి. నల్లమడ చెట్ల చుట్టూ వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల కొద్దీ పైకి లేచి ఉంటాయి. బురదలో గాలాడదు కాబట్టి ఆ చెట్లు వేళ్ళని బయటికి పెట్టి ఊపిరి తీసుకుంటాయి. ఉప్పుపొన్న కాయలు చెట్టు మీదుండగానే మొలకెత్తి, సన్నటి మునక్కాడల్లా వేలాడి, కింద పడినచోట నాటుకుంటాయి. తిల్ల చెట్టు కనిపిస్తే మాత్రం కొమ్మ తుంచకండి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

పావుగంటకే మావాడు "పెద్దమ్మా, సింహాలెక్కడ?" అని మొదలుపెట్టాడు.

దారి చూపించడానికి మాతో వచ్చినాయన ఇక్కడి మత్స్యకారుల కుటుంబం మనిషి, అరవై దాటి ఉంటాయి. వాణ్ణి పక్కకి పిలిచి వంగోబెట్టి బురదలోకి చూపించాడు. ఒక చేప నీళ్ళు లేని చోట, రెక్కల మీద లేచి గెంతుతోంది. ఇంకాస్త అవతల ఒక కొండి మాత్రం ఒంటికి మించిన సైజులో ఉన్న చిన్న పీత, ఆ కొండి ఊపుతూ ఇంకో పీతని పిలుస్తోంది. ఆ తర్వాత వాడు సింహాల మాటెత్తితే ఒట్టు.

"నీటిపిల్లి కనపడుతుందాండీ?" అని నేనడిగాను. "పగలు కనపడదమ్మా, అది రాత్రి తిరిగే జీవం. మేం కూడా కెమెరాల్లోనే ఎక్కువ చూశాం" అన్నాడాయన. చెట్లకి కెమెరాలు కడతారు, ఏదైనా ముందునుంచి వెళ్తే దానంతటదే ఫోటో తీసుకుంటుంది. మన వేలిముద్రల్లాగే ఏ పిల్లి మచ్చలు దానివే, అలా పోల్చి లెక్కపెడతారు. 2018లో లెక్కేస్తే 115 తేలాయి. దాని వేళ్ళ మధ్య కొంచెం బాతు కాళ్ళలా చర్మం ఉంటుందని, ఒడ్డున కూర్చుని కాలితో నీళ్ళు తట్టి చేపని పడుతుందని, అవసరమైతే మునుగుతుందని చెప్తుంటే మావాడు నోరు తెరుచుకుని విన్నాడు.

నన్ను పట్టేసింది మాత్రం ఆయన చెప్పిన కాలవల సంగతి. చెట్లు నరికేసిన చోట మడ మళ్ళీ దానంతటదే రాదట. ఎండకి నేల కుంగి పళ్ళెంలా అవుతుంది, పోటుకి వచ్చిన నీళ్ళు అందులోనే నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది, ఇక మొక్క వేస్తే బతకదు. అందుకని 1990ల చివర్లో అటవీశాఖ, స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు ఇక్కడి ఊళ్ళవాళ్ళని కలుపుకుని చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు, నడుమ పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా రెండు పక్కలా పిల్ల కాలవలు. పోటుకి నీళ్ళెక్కి పాటుకి దిగిపోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది, అప్పుడు మొక్కలు నాటారు. ఈయన కూడా పార పట్టుకుని నడుంలోతు బురదలో పనిచేశాడు. "అదిగోనమ్మా, ఆ వరసంతా మేం పెట్టిందే" అని చూపించాడు. మా ఎత్తుకి మూడింతలున్నాయి చెట్లు. జంతువుని కాపాడటమంటే దాన్ని పట్టి బోనులో పెంచడమే అనుకునేదాన్ని. ఇక్కడ ముందు ఉప్పుని కడిగారు, చెట్టొచ్చింది, వేళ్ళ మధ్యకి చేప పిల్లలొచ్చాయి, వాటి కోసం పిల్లి నిలిచింది.

1839 తుపానుకి కోరింగ రేవే తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబరులో మా కోనసీమ కొబ్బరి చెట్లన్నీ పడుకున్న రాత్రి నాకు బాగా గుర్తుంది. ఆ రాత్రి కెరటాన్ని తమ ఊరి ముందున్న మడే ఆపిందని ఆయన గట్టిగా చెప్తాడు.

సముద్రం వైపు హోప్ ఐలాండ్ ఇసకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ట్రాలర్ అనే పెద్ద చేపల పడవ లాగే వలలో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి, వాటికి దారి వదిలే అమరిక వలకి పెట్టాలి. దాని గురించి విడిగా రాస్తాను, ఇంత చిన్నగా తేల్చే విషయం కాదు.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. నలభై దాటకుండా నడిపాను. మావాడు అద్దానికి ముఖం ఆనించి రోడ్డు పక్కనే చూస్తూ కూర్చున్నాడు, వెనక బండ్లు హారన్లు కొడుతున్నా స్పీడు పెంచనివ్వలేదు.

ఇంటికి రాగానే మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకి తాళ్ళరేవు దగ్గర చేపల చెరువుంది. "బాబాయ్, రాత్రిళ్ళు గట్టు మీదికి మచ్చల పిల్లి ఏమైనా వస్తుందా?" అన్నాను. వస్తుందమ్మా, కాపలా కుర్రాడు ఉచ్చు పెడదామంటున్నాడు అన్నాడు. అదేమిటో చెప్పాను, మచ్చల సంగతి, కాళ్ళ సంగతి, కేసు సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లి తినేది ఎంతలే, కొంగలు తినట్లేదా" అన్నాడు చివరికి, "రేపు పొద్దున్నే వెళ్ళి వాడికి చెప్తాను."