150 మిల్లీలీటర్ల దగ్గర ఆగిన కారు కథ

ఈ వారం కూడా నా కారులో 150 మిల్లీలీటర్ల కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మాయం. కూలెంట్ పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మీద సోమవారం మార్కర్‌తో గీత గీశాను. శుక్రవారం సాయంత్రం కొలిచి పోస్తే మళ్లీ గీత దాకా రావడానికి సరిగ్గా అంతే పట్టింది. కొత్త క్యాప్ వేశాక, రెండు హోస్ క్లాంపులు మార్చాక కూడా ఇదీ పరిస్థితి. మొదట్లో 180 పోయేది, అదొక్కటే సంతోషం. రాత్రంతా కింద పరిచిన అట్ట మీద మాత్రం ఒక్క మరక లేదు.

కారు వయసు 14 ఏళ్లు, మీటరు మీద 1,93,000 కిలోమీటర్లు. ఆఫీసుకు వెళ్లిరావడానికి రోజూ 46 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో దాదాపు రెండు గంటలు. మార్చేద్దామా, ఇంకో రెండేళ్లు లాగుదామా అని ఆరు నెలలుగా ఇంట్లో నలుగుతోంది. ఇప్పుడు ఆ పంచాయితీ అంతా ఈ లీకు దగ్గరికొచ్చి ఆగింది. హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) అయితే అమ్మేస్తా. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ అయితే నేనే మారుస్తా.

ముందు నా తెలివితక్కువ పని చెప్పేస్తాను. ఆఫీసు నుంచి రాగానే, ఇంజన్ వేడి మీదుండగానే, కూలెంట్ వ్యవస్థలోకి గాలి కొట్టి లీకు పట్టే ప్రెజర్ టెస్టర్ బిగించి 1.0 బార్ దాకా కొట్టాను. రెండు గంటల తర్వాత చూస్తే ముల్లు 0.55 దగ్గరుంది. గుండె గుభేల్‌మంది. రాత్రి పడుకున్నాక వెలిగింది: ఇంజన్ చల్లబడుతుంటే లోపలి గాలీ కూలెంటూ ముడుచుకుంటాయి, లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. ఆ అంకె చిత్తుకాగితంతో సమానం.

మర్నాడు పొద్దున పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద మళ్లీ చేశాను. 12 నిమిషాలకు 0.9, గంటకు 0.7. ఇది నిజం లీకే. ఎటు పోతోందన్నదే తేలాలి.

హెడ్ గాస్కెట్ భయంతో బ్లాక్ టెస్ట్ రెండుసార్లు చేశాను. ఇంజన్ పొగ కూలెంట్‌లోకి చేరుతుంటే ఇందులోని నీలం ద్రవం పసుపవుతుంది. నీలం ద్రవం రెండుసార్లూ నీలంగానే ఉంది, పసుపు ఛాయ కూడా రాలేదు. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) వరుసగా 12.1, 12.0, 12.2, 11.4 బార్. ఆ నాలుగో సిలిండర్ నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎక్కువకీ తక్కువకీ తేడా ఏడు శాతం లోపే, తప్పు పట్టేంత కాదు, కానీ అనుమానం వచ్చాక అన్నీ అలాగే కనిపిస్తాయి. దాని స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే మిగతా మూడింటిలాగే లేత గోధుమ రంగు. కూలెంట్ లోపలికి వస్తుంటే ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరిసేది. ఒక రాత్రంతా వ్యవస్థను ప్రెజర్‌లో ఉంచి, పొద్దున ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించాను. పిస్టన్ తల మీద పొడి మసి తప్ప తడి లేదు. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూశాను, అక్కడా పొడే. అంటే హీటర్ కోర్ (కారు లోపల వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కూడా కాదు.

చివరికి కూలెంట్‌లో, యూవీ లైటుకు మెరిసే డై కలిపి మూడు రోజులు నడిపి, చీకట్లో యూవీ లైటు వేశాను. టైమింగ్ కవర్ (టైమింగ్ బెల్ట్ మీది మూత) కింది అంచున అగ్గిపుల్ల మందాన పచ్చటి చార! వాటర్ పంప్ వీప్ హోల్ (పంప్ సీలు పాడైతే కూలెంట్ బయటికి కారే చిన్న రంధ్రం) ఉన్న వైపే. వేడి బ్లాకు మీద పడి ఆవిరైపోతుంటే అట్ట మీదికి ఏం దిగుతుంది?

సరే, దొంగ దొరికాడనుకుని లెక్క వేస్తే తేలలేదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి టార్చి పట్టుకుని చూస్తే 40 సెకన్లకో చుక్క. చుక్క 0.05 మిల్లీలీటరు అనుకుంటే గంటకు 4.5. వారానికి పది గంటలకు 45 మాత్రమే. మిగతా వంద ఎక్కడ? మళ్లీ నాలుగో సిలిండర్ గుర్తొచ్చింది.

అప్పుడు తట్టింది, చల్లటి ఇంజన్‌లో ప్రెజరే లేదు కదా! టెస్టర్‌తో 1.0 బార్ పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. 15 సెకన్లకో చుక్క. గంటకు 12, వారానికి 120. మిగిలిన 30, ఇంజన్ ఆపాక ప్రెజర్ దిగేదాకా కారేదే అయ్యుంటుందని నా ఊహ.

లీకును ఆపే సీసా పోసెయ్యమని ఇద్దరు చెప్పారు. నేను చచ్చినా పొయ్యను. అది లీకునే కాదు, హీటర్ కోర్‌లోని సన్న దారుల్ని కూడా మూసేయగలదు. క్లాంపుల్లో నా ఓటు స్ప్రింగ్ వాటికే. హోస్ వేడికి ఉబ్బినా, చల్లారి తగ్గినా పట్టు వదలవు.



ఇక తుప్పు. ఎడమ వెనక జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో నొక్కితే బొటనవేలి గోరంత రేకు ఊడి చేతిలోకొచ్చింది. సస్పెన్షన్ బిగించే చోట్లు మాత్రం సుత్తితో కొడితే ఖంగుమంటున్నాయి. ఇంజన్ ఎంత పాడైనా విప్పి బిగించుకోవచ్చు, బాడీ కుళ్లితే నాలాంటివాడి వల్ల కాదు. తుప్పు ఆ చోట్లదాకా పాకి ఉంటే పంప్ ఊసే ఎత్తకుండా అమ్మేసేవాణ్ని. మా ఆవిడ లెక్క వేరు. ఏడాదిలో 9 రోజులు కారు కదల్లేదని క్యాలెండర్ తెచ్చి చూపించింది. కాదనలేను.

పంప్ తిరిగేది వాల్వులనూ నడిపే టైమింగ్ బెల్ట్‌తోనే. బెల్ట్ మార్చింది 1,12,000 దగ్గర, ఆ తర్వాత 81,000 తిరిగింది. పైగా కూలెంట్ తగిలితే బెల్ట్ పాడవుతుంది. ఈ ఇంజన్‌లో అది తెగిందంటే వాల్వులు పిస్టన్లకు గుద్దుకుంటాయి. అందుకే పంప్, బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అన్నీ ఒకేసారి. పంప్ ఐసిన్ కంపెనీది, బెల్ట్ గేట్స్ కంపెనీది తీసుకుంటున్నా, ఇంతకుముందు కూడా ఇవే వాడాను.

వచ్చే శనివారం విప్పుతాను. పాత బెల్ట్ తడిసిందా లేదా ఫోటో పెడతా. తుప్పు చోట రేకు కోసి వెల్డింగ్ చేయించాలి, అది ఆ తర్వాతి వారం. కొత్త పంప్‌తో 5,000 కిలోమీటర్లు, ట్యాంక్ మీద అదే గీత, ప్రతి శుక్రవారం కొలత. కూలెంట్ గీత కిందికి దిగిందా, అమ్మకానికి ఫోటోలు తీసే పని మా ఆవిడది.