ఆరుంపావు రత్తుల కెంపు: నా అనుభవం

నిన్న సాయంత్రం నాలుగింటికి నా ఖాతాలో 50,000 పడ్డాయి. మెసేజ్ చూసి కాంటా పక్కన మిర్చి బస్తా మీదే కూర్చుండిపోయాను. ఒక్క ఎర్ర రాయి కోసం మూడు నెలలు తిరిగాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను, చల్లారితే సగం మరిచిపోతాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. 27 ఏళ్ళుగా కాంటా మీదే నా బతుకు. మిర్చి బస్తా చేత్తో లేపి బరువెంతో చెప్పగలను, కిలో అటూ ఇటూ తప్పితే తప్పొచ్చు. నా తూకం మీద ఇన్నేళ్ళలో ఒక్క రైతు కూడా మాట అనలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నిరుడు మా ఊరి పొలం కేసు కోర్టులో నలుగుతుంటే పంతులు జాతకం చూసి రవి బలహీనంగా ఉన్నాడు, కెంపు పెట్టమన్నాడు. ఆదివారం పొద్దున, ఉంగరపు వేలికి. ఆ నమ్మకం గురించి నేనేమీ అనను, మా ఇంట్లో పెద్దలంతా నమ్మినవాళ్ళే. కానీ రాయి ఏ కొట్టులో కొనాలో కూడా పంతులే చెప్పడం, ఆయన పేరు చెప్పగానే కొట్టు సేటు లేచి నిలబడడం, అప్పుడే నాకు తట్టాల్సింది. సేటు కాగితం పొట్లం విప్పి, "బర్మా రాయి, పాత గని మాల్, రత్తికి ఎనిమిది వేలు" అన్నాడు. ఆరుంపావు రత్తులు తూగింది. 50,000 కట్టాను. బిల్లు మీద 'రూబీ 6.25' అని ఒక్క ముక్క రాసిచ్చాడు. బంగారం వేరే లెక్క, ఉంగరం వాళ్ళే చేయించి ఇచ్చారు.

ఈ ఏడు షుగర్ బయటపడి ఏడు కిలోలు తగ్గాను. ఉంగరం వేలి నుంచి జారడం మొదలైంది. మా గల్లీ చివర డెబ్బై దాటిన అవుసలి కాక ఉన్నాడు. మా పెళ్ళి పుస్తెలు కూడా ఆయన చేతివే. ఉంగరం తగ్గించమని ఇచ్చాను. ఆయన కోసి, అతికి, టార్చితో కాల్చి, తేజాబు (ఆసిడ్) నీళ్ళల్లో వేసి తీశాడు. తీసేసరికి రాయి నిండా సాలెగూడు! తెల్లటి గీతలు అటు నుంచి ఇటు దాకా. ఎరుపు పోయి పాలు విరిగినట్టయింది.

నేను అరిచాను. అక్కడ చాయ్ తాగుతూ ముగ్గురు కూర్చున్నారు, వాళ్ళ ముందే అన్నాను: "యాభై వేల రాయి, మార్చినవా, పగలగొట్టినవా?" కాక తల ఎత్తలేదు. "బిడ్డా, అసలు కెంపైతే నిప్పుకు భయపడదు. మా తాతల కాలం నుంచి రాయి తియ్యకుండనే అతుకుతున్నం" అన్నాడు. డబ్బీలోంచి పెసరగింజంత పాత కెంపు తీసి బొగ్గు మీద పెట్టి ఊదాడు. రాయి ఎరుపు పోయి బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు తిరిగింది. పక్కకు తీసి చల్లారనిచ్చాడు. కళ్ళ ముందే మళ్ళీ ఎర్రగా అయింది, ఎక్కడా గీత లేదు. చూసి కూడా నేను నమ్మలేదు. కూలీ 400 ఇవ్వకుండా వచ్చేశాను.

తర్వాత హైదరాబాద్‌లో రాళ్ళు పరీక్షించే లాబ్‌కు వెళ్ళాను. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను, రిపోర్టు తర్వాత పోస్టులో వచ్చింది. దీనికి ఎవరూ భయపడనక్కర్లేదు.

లాబ్‌లో ఉన్న అమ్మాయికి మా చిన్నకూతురి వయసుంటుంది. సూక్ష్మదర్శినిలో నన్నే చూడమంది. రాయి లోపల నీటి బుడగల్లాంటి గుండ్రటి బుడగలున్నాయి. రాయిని కొంచెం తిప్పితే పగుళ్ళ వెంట నీలం మెరుపు, ఇంకొంచెం తిప్పితే నారింజ మెరుపు. "ఇది సీసం కలిపిన గాజు, అంకుల్. పగుళ్ళలోకి కరిగించి పోస్తారు. రాయి కెంపు జాతిదే, కానీ పగుళ్ళతో పనికిరాకుండా ఉన్న రాయి. గాజు పోస్తే పగుళ్ళు కనబడవు, రంగు తేటగా కనబడుతుంది. టార్చి వేడికి ఆ గాజు కరుగుతుంది, ఆసిడ్ తింటుంది. నిమ్మరసం కూడా తింటుంది" అంది. ఇలాంటి రాళ్ళు 2004 ప్రాంతం నుంచి బజారులో కుప్పలుగా వస్తున్నాయట.

నాకు వెంటనే మార్కెట్ గుర్తొచ్చింది. రాత్రి నీళ్ళు చల్లి తెచ్చే మిర్చి ఉంటుంది. చూడడానికి నిగనిగలాడుతుంది, తూకం పెరుగుతుంది, రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఆ బస్తాలో చెయ్యి పెట్టగానే పట్టేస్తాను. రాళ్ళలో అదే పని చేస్తే మాత్రం నేను చేతులు జోడించి 50,000 ఇచ్చి వచ్చాను.

ఆ అమ్మాయి ఓపికకు దండం పెట్టాలి. అడిగినవన్నీ చెప్పింది. కెంపంటే కురువిందమే. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. అందులో ఒక శాతం కూడా నిండని క్రోమియం చేరితే ఎర్రబడి కెంపవుతుంది, ఇనుము, టైటానియం చేరితే నీలమవుతుంది. కత్తులు నూరే సానరాయిలో పొడి కూడా ఇదే కుటుంబం. ఖమ్మం వైపు కూడా కురువిందం దొరుకుతుంది, అయితే నగకు పనికొచ్చేంత తేట రాయి ఎక్కడైనా అరుదే. గట్టిదనంలో వజ్రం 10 అయితే కెంపు 9. అది పుట్టాలంటే అల్యూమినియం ఉండాలి, క్రోమియం ఉండాలి, ఇసుకలో ఉండే సిలికా మాత్రం ఉండకూడదు. సిలికా ఉంటే అల్యూమినియం దానితో కలిసిపోయి వేరే రాయవుతుంది. భూమిలో సిలికా లేని చోటు దొరకడం కష్టం, అందుకే మంచి కెంపు అంత అరుదు. బర్మాలో మొగోక్ గనుల్లో, మన భూఖండం పోయి ఆసియాను గుద్దుకున్నప్పుడు, సున్నపురాయి ఒత్తిడికీ వేడికీ పాలరాయిగా మారింది. అందులో పుట్టినవి అక్కడి కెంపులు. వాటిలో ఇనుము తక్కువ. అందుకే ఎండలో పెడితే లోపల నిప్పు ఉన్నట్టు వెలుగుతాయి. ఇనుము ఎక్కువైతే ఆ వెలుగు ఆరిపోతుంది. 2009లో మొజాంబిక్‌లో మోంటెప్యుయెజ్ దగ్గర పెద్ద గని బయటపడ్డాక వ్యాపారం చాలావరకు అటు మళ్ళింది.

"మరి ఇది బర్మాదన్నాడే" అన్నాను. ఆమె నవ్వలేదు. 2015లో జెనీవా వేలంలో 25.59 క్యారట్ల బర్మా కెంపు మూడు కోట్ల డాలర్లకు పోయిందని చెప్పింది. డాలర్లు! అసలైన బర్మా రాయి రత్తి ఎనిమిది వేలకు వరంగల్ బజారులో పొట్లం కట్టి ఇస్తారా అని ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది.

రిపోర్టు మీద 'కెంపు, సీసం గాజు నింపినది, బరువు 5.66 క్యారట్లు' అని ఉంది. ఇక పని అయిపోయిందనుకుని సేటు దగ్గరకు వెళ్ళాను. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

శ్రావణ మాసం, పెళ్ళిళ్ళ రోజులు. కొట్టు నిండా జనం. సేటు రిపోర్టు చేతిలోకి తీసుకున్నాడు, పైనుంచి కిందికి చదివాడు, నా బిల్లు పక్కన పెట్టాడు. ఆ తర్వాత గొంతు పెంచాడు, కావాలనే.

"నా బిల్లుల ఎంతుంది? ఆరు ఇరవై ఐదు. నీ కాగితంల ఎంతుంది? ఐదు అరవై ఆరు. మిగిలిన రాయి ఏడ పోయింది? రాయి మార్చి తెచ్చి నా మీద పడుతున్నవా?"

నాకు నోట మాట రాలేదు. రెండు అంకెలూ నా కళ్ళ ముందే ఉన్నాయి. తేడా నిజమే. రత్తి అంటే క్యారటే అనుకున్నాను, అలా అనుకోవడంలోనే బోల్తా పడ్డాను. "కడిగితే కొంచెం తగ్గుతది గదా" అని ఏదో గొణిగాను. "కడిగితే అర క్యారట్ పోతదా? మిర్చి అనుకున్నవా ఆరబెడితే తగ్గనీకి?" అన్నాడు. కౌంటర్ కుర్రాళ్ళు నవ్వారు. ఎవరో ఫోన్ తీసి నా వైపు పట్టారు.

ఆ పక్క కుర్చీలో నర్సంపేట వైపు రైతు ఒకాయన, భార్య, కూతురితో పెళ్ళి నగలు చూస్తున్నాడు. పదేళ్ళుగా ఆయన చపాటా మిర్చి నా కాంటా మీదే తూగుతుంది. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. సేటు ఆపలేదు. "మార్కెట్ల గుమాస్తా అంటివి గదా, తూకంల చెయ్యి పెట్టుడు మీకు అలవాటే" అన్నాడు. రైతు తల తిప్పుకున్నాడు. నన్ను దొంగ అన్నదానికి కాదు, ఆయన తల తిప్పుకున్నదానికి నా కాళ్ళు వణికాయి. 27 ఏళ్ళ పేరు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని బయటకు వచ్చాను. బండి ఎక్కడ పెట్టానో గుర్తుకు రాక చౌరస్తాలో రెండుసార్లు తిరిగాను.

ఆ రాత్రి అన్నం తినలేదు. కాకే రాయి మార్చాడేమో అన్న పాపపు ఆలోచన మళ్ళీ వచ్చింది, అబద్ధం చెప్పను. మా ఆవిడ దేవుడి గూట్లోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చి ముందు పెట్టింది. రాయి కొన్నప్పటి డబ్బీ, కుంకుమ పోసి వాడుకుంటోంది. మూత లోపల అంటించిన చీటీ మీద సేటు కొట్టు ముద్ర ఉంది, ముద్ర కింద పెన్నుతో రెండు అంకెలు: 6.25, దాని కింద 5.69.

పొద్దున్నే సిగ్గు చంపుకుని కాక దగ్గరకు పోయాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. చీటీ చూసి, మూల నుంచి గురిగింజల పొట్లం తీసి నా చేతిలో పోశాడు. "రత్తి అంటే ఇదే. పూర్వం దీంతోనే తూచేటోళ్ళు. ఇప్పుడు జాతకం రాళ్ళకు పక్కా రత్తి అని 182 మిల్లీగ్రాములు కడుతున్నరు. క్యారట్ అంటే 200. గుణించుకో" అన్నాడు. అక్కడే ఫోన్‌లో గుణించాను. 6.25ను 182తో గుణిస్తే 1137.5 మిల్లీగ్రాములు. 200తో భాగిస్తే 5.69. సేటు చేత్తో రాసిన అంకే! లాబ్ చెప్పింది 5.66. పోయింది ఆరు మిల్లీగ్రాములు, తేజాబు తిన్న గాజు. రాయి అదే. కాక మార్చలేదు, నేను మార్చలేదు. సేటుకు ఈ లెక్క బాగా తెలుసు, తెలిసే పదిమంది ముందు నన్ను దొంగను చేశాడు.

అక్కడి నుంచి పని తేలికైంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలిసిన వకీలుతో నోటీసు పంపాను. కొన్నది ఐదు లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకు ఫీజు కూడా లేదని, కొని రెండేళ్ళు దాటలేదని, డబ్బీ చీటీ ఫోటో జతచేశామని నోటీసులో స్పష్టంగా రాశాడు. ఆ ఫోటో చూశాకే సేటు దిగివచ్చాడు. రాయి వెనక్కి తీసుకుని డబ్బు ఖాతాలో వేస్తానన్నాడు, వేశాడు. నన్ను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కెంపు కొనేవాళ్ళు బిల్లు మీద బరువు క్యారట్లలో రాయించుకోండి. రాయిని వేడి చేశారా, గాజు నింపారా అన్నది కూడా అదే బిల్లు మీద రాయించండి. వేడి చేయడం కెంపుల్లో మామూలే, అది మోసం కాదు, చెప్పి అమ్మాలి అంతే. గాజు వేరు. రాయనన్నవాడి కొట్టులోంచి లేచి రండి. కొట్టువాడు చూపే కార్డు కాదు, మీరే వేరే లాబ్‌లో చూపించుకోండి. రాయిని పాలల్లో వేస్తే పాలు ఎర్రబడాలని ఫోన్లో వీడియోలు చెప్పేవాళ్ళ మాట వినకండి. నీలి లైటు కింద ఎర్రగా మెరిస్తే అసలుదే అనేది కూడా సగం మాటే. 1902లో వెర్నాయ్ అనే ఫ్రెంచి ఆయన బయటపెట్టిన పద్ధతిలో మంటలో పొడి కరిగించి చేసే కెంపులు కూడా అలాగే మెరుస్తాయి. కొన్నప్పటి డబ్బీ, చీటీ, పొట్లం ఏవీ పారేయకండి. నా పరువు కుంకుమ డబ్బీ మూతలో దాగి ఉండింది.

నర్సంపేట రైతు పోయిన వారం మార్కెట్‌కు వచ్చాడు. రిపోర్టు, చీటీ, లెక్క మొత్తం ఆయన ముందు పెట్టాను. చదువుకున్న కూతురు గుణించి చూసి తండ్రికి తల ఊపింది. ఆయన బస్తాలు నా కాంటా మీదే దించాడు.

నిన్న డబ్బు పడగానే కాక దగ్గరకు పోయి కూలీ 400 ఇచ్చాను. లెక్కపెట్టుకుని పెట్టెలో వేసుకున్నాడు, ఏమీ అనలేదు. చాయ్ తాగే ఆ ముగ్గురూ నిన్న లేరు. ఆదివారం పొద్దున ఉంటారట. ఆదివారం మళ్ళీ పోతాను. వాళ్ళ ముందు అన్న మాట వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి.