పంపు మార్చారు, సెన్సార్ మార్చారు, కారు మాత్రం ఊపందుకోలేదు

ఎత్తు రోడ్డు కనిపిస్తే మూడో గేరులోనూ ఆయాసపడిన నా పాత పెట్రోలు కారు నిన్న అదే ఎత్తును నాలుగో గేరులో అవలీలగా ఎక్కింది. ఆ సంతోషం ఉండగానే, ఒక షెడ్డు మీద కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ముందు లక్షణాలు చెబుతాను. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 10కి పడిపోయింది. స్టార్ట్ కావడంలో ఇబ్బంది లేదు. నెమ్మదిగా వెళ్లినంతసేపు బుద్ధిమంతురాలే. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ అదిమితే మాత్రం ఇంజిన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర మొరాయించేది. ఎంత తొక్కినా ముల్లు పైకి కదిలేది కాదు. బాగా వేడెక్కాక అప్పుడప్పుడు చిన్న కుదుపు.

మైలేజీ పడిపోయిందని చెబితే ఎవరూ నమ్మరు కనుక లెక్క పక్కాగా వేసుకున్నాను. ట్యాంకు నిండుగా కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అదే బంకులో నిండుగా కొట్టించి భాగించడమే. డ్యాష్‌బోర్డు చూపే సగటును సాక్ష్యంగా తీసుకెళ్లకండి, ఎగతాళి చేస్తారు.

టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. కొంత దూరం నడిపి చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే నాలుగూ ఒకేలా వేడిగా ఉన్నాయి, అంటే బ్రేకు ఏదీ పట్టేసి లేదు. క్లచ్ ప్లేటు అరిగితే ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. నా కారులో రెండూ పెరగలేదు కాబట్టి అదీ కాదు. ఇంతవరకు ఇంటి దగ్గరే తేల్చుకున్నాను.

తరువాత షెడ్డు. అక్కడి పెద్దమనిషి బానెట్ ఎత్తకుండానే, ఇంకో నలుగురు కస్టమర్లు వింటుండగా, "వయసైపోయింది సార్, మనిషికైనా అంతే కదా. మీ కాలు కూడా కాస్త బరువేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రాసి తెచ్చిన మైలేజీ లెక్కల కాగితాన్ని మడిచి సీటు మీద పెట్టాడు, చదవలేదు. ఆ తరువాత మార్పిళ్ల పండుగ మొదలైంది. ముందు ఎయిర్ ఫిల్టర్. ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న మాట కార్బురేటర్ కాలం నాటిది. ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి పంపే ఇంజిన్లలో దాని ప్రభావం పికప్ మీదే తప్ప మైలేజీ మీద పెద్దగా ఉండదని 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ పరీక్షించి చెప్పింది. అది చెబితే నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తరువాత ఇంధన పంపు మార్చారు. ఆ తరువాత పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కనిపెట్టే ఆక్సిజన్ సెన్సార్లలో ముందువైపుది. అది పనిచేస్తోందో లేదో కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో నిమిషంలో తెలుస్తుంది, వేడెక్కిన ఇంజిన్‌లో దాని వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య అటూ ఇటూ ఊగుతుండాలి. చూడమని అడిగాను. "మార్చేస్తే సరిపోయేదానికి చూడటమెందుకు?" అన్నాడు. బిల్లు కట్టాను, కారు అలాగే ఉంది. "స్కానర్‌లో ఏ తప్పూ లేదు సార్, అమ్మేయండి" అని సలహా కూడా ఉచితంగా ఇచ్చాడు.

స్కానర్‌లో తప్పెందుకుంటుంది? కంప్యూటర్ నమోదు చేసిన తప్పు కోడ్‌ను తుడిచింది ఆయనే. కొన్ని నెలల ముందు ఇంజిన్ వణికి, డ్యాష్‌బోర్డులో ఇంజిన్ తప్పును చూపే చెక్ ల్యాంపు మినుకు మినుకుమంటే అదే రోజు బండిని ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. సెన్సార్ తప్పుడు కబురు పంపిందంటూ తుడిచేశాడు. మళ్లీ వెలిగితే మళ్లీ తుడిచాడు. అదృష్టం కొద్దీ, కాదు, నా ముందుచూపు కొద్దీ, ఆ తెరను ఫోనులో ఫొటో తీసి ఉంచుకున్నాను: పి0302. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదని. ఈ రకం కోడ్‌లలో చివరి అంకె సిలిండర్ నంబరే.

తెలిసినవాళ్లు చెబితే ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. తక్కువ మాట్లాడతాడు. ఫొటో చూసి తల ఊపి, ఇంజిన్ నుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం తీసి, ఇంజిన్ గాలిని లాగే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ తగిలించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర అలాగే పట్టి ఉంచమన్నాడు. ముందు ముల్లు 19 అంగుళాల (పాదరసం లెక్కన) దగ్గర నిలబడింది. ఆరోగ్యమైన ఇంజిన్‌లో అది అక్కడే ఉండాలి. ఇక్కడ మాత్రం తొందరేమీ లేనట్టు 17, 15, 12 అని దిగుతూ పోయింది. "పొగకు బయటికి దారి లేదు బాబూ. పొగ పోకపోతే కొత్త గాలి లోపలికి ఎలా వస్తుంది?" అన్నాడు. ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెజర్ గేజ్ బిగించాడు. 2500 దగ్గర ఒత్తిడి 3 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి 3 పౌన్లు) దాటితే అనుమానించాలట, నా కారుది 6 దాటింది.

పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ విప్పి ఒకవైపు నుంచి టార్చి వేశాడు. తేనెపట్టులా సన్నని గదులతో, అవతలి వెలుగు కనిపించాల్సిన సెరామిక్ జాలీ సగానికి పైగా కరిగి, గాజు ముద్దలా నల్లగా బిగుసుకుపోయి ఉంది. రెండో సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు నెలల తరబడి కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలింది. 1400 డిగ్రీల పైబడితే ఆ జాలీ కరుగుతుంది. కారు కంప్యూటర్ దీన్నెందుకు పట్టలేదని అడిగాను. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సార్ అది పొగను శుభ్రం చేస్తోందా అనే చూస్తుంది, దారి ఎంత మిగిలిందో కొలిచే సెన్సార్ ఈ కారులో లేదన్నాడు.

కొత్త కన్వర్టర్ పెట్టే ముందు అసలు దోషిని పట్టాలన్నాడు. స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను రెండో సిలిండర్ నుంచి మూడో దాంట్లోకి, మూడోదాన్ని రెండో దాంట్లోకి మార్చి బండి వేడెక్కే దాకా తిప్పి వచ్చాడు. ఈసారి కోడ్ పి0303. తప్పు కాయిల్‌తో పాటే కదిలింది, ఇక అనుమానం లేదు. షెడ్డులో ఆ మొదటి రోజే చేయగలిగిన పని ఇది, ఒక్క స్పానర్ చాలు.

చెక్ ల్యాంపు నిలకడగా వెలిగితే జాగ్రత్తగా ఇంటికి వెళ్లవచ్చు. మినుకు మినుకుమంటే మాత్రం వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి, కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్‌ఫైర్ జరుగుతోందని దాని అర్థం. కోడ్ తుడిచేవాడికి తాళం ఇవ్వకండి. మార్చమనే ముందు ఏం కొలిచారో అడగండి, కోపం వస్తే రానివ్వండి.

ఇక అసలు తమాషా. సంగతి తెలిసి షెడ్డు పెద్దమనిషి ఫోన్ చేశాడు. కొత్త కన్వర్టర్ దండగట, లోపలి జాలీ పొడిచేసి ఖాళీ పైపుగా బిగించుకోమన్నాడు. చాలా దేశాల్లో అది నేరం, పైగా విషవాయువులు నేరుగా ఊరి మీదికి వదలడం. నేను వద్దన్నాక గొంతు తియ్యగా మార్చి, "ఆ పాతది మీకెందుకు సార్, మా దగ్గర పడేయండి" అన్నాడు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయని, తుక్కు కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారని నాకు తెలియదనుకున్నాడు. సరే, ముందు మీరు విప్పిన నా పాత ఇంధన పంపు, పాత సెన్సార్ ఇవ్వండి, తరువాత దీని సంగతి మాట్లాడదాం అన్నాను. వెతికి చెబుతానన్నాడు. ఇప్పటివరకు ఫోన్ రాలేదు.