కాలిక్యులేటర్ లెక్క, తూటా పడిన చోటు

800 మీటర్ల లక్ష్యం మీద నా తూటాలన్నీ ఒకచోటే పడ్డాయి. కానీ ఆ చోటు నేను గురిపెట్టిన బిందువుకు 38 సెంటీమీటర్లు కింద ఉంది. రైఫిల్ .308 వించెస్టర్, తూటా బరువు 175 గ్రెయిన్లు, క్రోనోగ్రాఫ్ చూపిన వేగం సెకనుకు 790 మీటర్లు. తూటా దారిని లెక్కగట్టే బాలిస్టిక్ కాలిక్యులేటర్ స్కోప్ గురిని 9.0 మిల్ ఎత్తమంది, అంతే ఎత్తాను. మిల్ అంటే కోణం కొలత, 100 మీటర్లలో 10 సెంటీమీటర్లకు సమానం. గ్రూప్, అంటే రంధ్రాల గుంపు, బిగువుగా ఉంది కనుక లోపం నా కాల్పులో కాదు, లెక్కలోనే ఉండాలనుకున్నాను.

అప్పుడు చేసిన పని తప్పు. తూటా గాలి నిరోధాన్ని ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె, అంటే తయారీదారు ఇచ్చిన బాలిస్టిక్ కోఎఫిషియంట్‌ను, జవాబు నా రంధ్రాలతో కలిసేదాకా తగ్గించుకుంటూ పోయాను. 800లో కలిసింది. వారం తర్వాత 500 మీటర్లలో కాలిస్తే తూటాలు 8 సెంటీమీటర్లు కింద పడ్డాయి. గాలి నిరోధం లెక్కలో తప్పుంటే అది దూరం పెరిగేకొద్దీ ముదురుతుంది, దగ్గర దూరాల్లో అంతగా బయటపడదు. 500లో కూడా ఇంత తేడా మిగిలిందంటే జబ్బు ఒకటి, నేను వేసిన మందు ఒకటి.

కోఎఫిషియంట్‌ను పాత విలువకే మార్చి మొదటి నుంచి వెతికాను. వాయుపీడనం సరిగానే ఉంది. వాతావరణ సూచనల్లో వచ్చే అంకె సముద్రమట్టానికి సవరించినది, కాలిక్యులేటర్‌కు కావలసింది మనం నిలబడిన చోటి అసలు పీడనం. 600 మీటర్ల ఎత్తులో రెండింటికీ దాదాపు 70 హెక్టోపాస్కళ్ల తేడా ఉంటుంది కాబట్టి అక్కడ ముందే జాగ్రత్తపడ్డాను.

జీరో విషయంలో, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సరిచేసుకోవడంలో, మాత్రం తొందరపడ్డాను. 100 మీటర్లలో 3 తూటాలు కాల్చి సరిపోయిందనుకున్నాను. ఈసారి 10 కాల్చి గ్రూప్ మధ్యబిందువు కొలిస్తే ఒక సెంటీమీటరు కింద ఉంది. అంటే 0.1 మిల్. 800 మీటర్లకు చేరేసరికి అదే 8 సెంటీమీటర్లు.

పెద్ద తేడా స్కోప్‌లో దొరికింది. పొడవాటి కాగితం మీద గుండు కట్టిన దారం వేలాడదీసి నిలువు గీత గీశాను. స్కోప్ నుంచి కాగితం దాకా సరిగ్గా 100 మీటర్లు టేపుతో కొలిచాను. గీత అడుగున ఒక చుక్క పెట్టి దానికి గురిపెట్టి 5 తూటాలు కాల్చాను. స్కోప్ మీద ఎత్తు మార్చే చక్రమైన టర్రెట్‌ను 100 క్లిక్కులు, అంటే 10 మిల్ తిప్పి, అదే చుక్కకు గురిపెట్టి మరో 5 కాల్చాను. రెండు గ్రూపుల మధ్య 100 సెంటీమీటర్లు ఉండాలి. టేపు 97 చూపింది. నమ్మలేక అంతా మళ్లీ చేశాను, మళ్లీ 97. టర్రెట్ మీద 9.0 కనిపిస్తున్నప్పుడు స్కోప్ నిజంగా ఎత్తుతున్నది 8.73 మాత్రమే. 800 మీటర్లలో ఆ లోటు దాదాపు 22 సెంటీమీటర్లు.

ఇక మిగిలిన 8 సెంటీమీటర్ల కోసం మాత్రమే వేగాన్ని ముట్టుకున్నాను. 790ని 786 చేశాను. క్రోనోగ్రాఫ్‌తో కొలిచింది మండే మధ్యాహ్నం, 800లో కాల్చింది చల్లని ఉదయం. చలికి గన్‌పౌడర్ మండే తీరు మారి వేగం కొంత తగ్గుతుంది కాబట్టి 4 మీటర్ల తేడాను మనసు ఒప్పుకుంది.

తర్వాత అంతకుముందెప్పుడూ కాల్చని 650 మీటర్ల దూరం ఎంచుకున్నాను. కాలిక్యులేటర్ 6.5 అంది. దాన్ని 0.97తో భాగించి టర్రెట్‌ను 6.7కు తిప్పాను. 5 తూటాలు కాల్చి దగ్గరికి వెళ్లి చూస్తే అడ్డగీతకు పైన రెండు, కింద మూడు రంధ్రాలు, అన్నీ జానెడు ఎత్తులోపే.