సగానికి పడిన బ్యూరెట్ రీడింగు

ప్రథమ క్రమాంక చర్య (రేటు గాఢతకు అనుపాతంలో ఉండే చర్య) అనగానే చేయి 0.693 మీదికే, అంటే 2 సహజ లాగరిథమ్ మీదికే పోతుంది. దాన్ని అర్ధాయువుతో, అంటే గాఢత సగం కావడానికి పట్టే సమయంతో భాగిస్తే వచ్చేది రేటు స్థిరాంకం k, రేటు కాదు. ఆ క్షణాన మిగిలి ఉన్న గాఢతతో k ని గుణిస్తేనే రేటు. ఇప్పుడు మన ల్యాబులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరు, ఆక్సిజన్‌గా విడిపోయే ప్రయోగాన్నే పట్టుకుని రాస్తున్నాను.

0.10 మోలార్ పెరాక్సైడ్‌లో ఉత్ప్రేరకంగా కొద్దిగా ఫెర్రిక్ క్లోరైడ్ కలుపుతాం. ఇంకా మిగిలి ఉన్న పెరాక్సైడ్‌ను బ్యూరెట్‌లోంచి పోసే పర్మాంగనేట్‌తో కొలుస్తాం; ఎంత పడితే అంత మిగిలిందన్నమాట. పొటాషియం అయొడైడ్ కూడా ఉత్ప్రేరకమే కానీ ఇక్కడ పనికిరాదు, పెరాక్సైడ్‌లాగే అది కూడా పర్మాంగనేట్‌ను తినేస్తుంది. అనుకున్న సమయానికి 5 మి.లీ. పిపెట్‌తో తీసి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వదిలితే విఘటనం దాదాపు ఆగిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయకండి, క్లోరైడును పర్మాంగనేట్ ఆక్సీకరణం చేసి రీడింగు పెరిగిపోతుంది.

0.01 మోలార్ పర్మాంగనేట్ మొదట 20.0 మి.లీ. పట్టిందనుకుందాం. 20 నిమిషాలకు 10.0, 40కి 5.0. ప్రతిసారీ సగం కావడానికి అదే 20 నిమిషాలు. ఇది సరిపోయాకే 0.693 వాడాలి. రెండో సగానికి 40 నిమిషాలు పట్టి ఉంటే అది ద్వితీయ క్రమాంకపు (రేటు గాఢత వర్గానికి అనుపాతంలో ఉండే చర్య) గుర్తు, అక్కడ ఈ సూత్రం చెల్లదు.

k = 0.693/20 = 0.0347 నిమిషం⁻¹. మొదటి రేటు 0.0347 × 0.10, అంటే లీటరుకు నిమిషానికి 0.00347 మోల్. 40 నిమిషాలకు గాఢత 0.025 కనుక రేటు 0.00087కి దిగుతుంది. k మాత్రం కదలదు. సెకన్లలో కావాలంటే k ని 60తో భాగించాలి: 5.78 × 10⁻⁴.

ఎక్కువమంది జారేది 10వ నిమిషం దగ్గర. సగం సమయానికి పావు వంతు పోయి 15.0 రావాలనుకుంటారు. వచ్చేది 14.1, ఎందుకంటే మొదట్లో చర్య వేగంగా సాగుతుంది. 2.303/10 × లాగ్(20/14.1) వేసి చూడండి, 0.035 వస్తుంది. k, అర్ధాయువుల లబ్ధం 0.693కి బదులు 0.30 వచ్చిందంటే 2.303 మరిచారన్నమాట.

గంట దాటాక రీడింగు 2.5 మి.లీ.కి పడుతుంది. అక్కడ 0.1 తప్పు చదివితే 4 శాతం తేడా, కాబట్టి మూడు అర్ధాయువులతో ఆపేయడం మేలు.

ఇంకొకటి, మన నెల్లూరు ఎండ. పుస్తకంలో విలువలు 25 డిగ్రీల దగ్గరివి. మధ్యాహ్నం బ్యాచ్‌లో ద్రావణం 35 డిగ్రీలుంటే k సుమారు రెట్టింపవుతుంది, అర్ధాయువు సగమవుతుంది. ఫ్లాస్కును నీళ్ల తొట్టిలో ఉంచి, రికార్డులో k పక్కనే ఉష్ణోగ్రత రాయండి.